సంఘపు కుర్చీకి శుభమని చెప్పి వ్రాయునది

ఆమదాలవలస దగ్గర ఒక పల్లెటూరి క్రైస్తవ సంఘానికి ట్రెజరర్‌నైన నేను, ప్రతి ఆదివారమును ఎత్తబడుచు, దింపబడుచు, పేర్చబడుచు ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీకి శుభమని చెప్పి వ్రాయునది ఏమనగా.

మా బైబిల్లో ఉత్తరాలు ఇలాగే మొదలవుతాయి. ఇంతకుమించి ఆ భాష నాకు రాదు కాబట్టి ఇక మామూలుగానే రాస్తాను.

సంక్రాంతి వెళ్లిన ఆదివారం, అంటే 2026 జనవరి 18న, ఆరాధన అయ్యాక నిన్ను లెక్కపెట్టాను. 2019లో 200 కొన్నాం. వీపు మీద తెల్ల పెయింటుతో ‘సంఘము ఆస్తి’ అని రాయించాం. ఇప్పుడు 173 ఉన్నావు. నమ్మకం కుదరక సండే స్కూల్ పిల్లల చేత కూడా లెక్కపెట్టించాను. వాళ్లు 171 అన్నారు. మిగతా రెండింటి మీద వాళ్లే నిలబడి ఉన్నారు.

పోయిన 27 ఎక్కడున్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. గృహ కూడికలకి, పుట్టినరోజు ప్రార్థనలకి, ఓణీల ఫంక్షన్‌కి, చావింటికి వెళ్లి తిరిగి రానివి అవి. ఒకటి పాలకేంద్రంలో పాలు కొలిచే అతని కింద ఉంది. ఒకటి కళ్లంలో ధాన్యానికి కాపలా కాస్తోంది. ఒకదానికి ఒక కాలు విరిగితే, మిగతా మూడు కాళ్లతో ఎవరి పెరట్లోనో కోళ్లగూటి మీద మూతగా ఉంది. ఒకటి మా ఇంటి వసారాలో ఉంది. ఈ మాట చివర్లో బయటపెడితే కథలా ఉంటుందని ఇప్పుడే చెప్పేస్తున్నాను. మా అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, నేల మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. వారం రోజులకని తెచ్చాను. ఆ వారం ఇంకా అవలేదు.

అయినా నీ గొప్పతనం డిసెంబరులో చూడాలి. ఒకటో తారీఖు నుంచే నీకు తీరిక ఉండదు. ముందు సెమీ క్రిస్మస్. పండగ రాకముందే సగం పండగ చేసేసుకోవడం మనకి అలవాటైన విద్య. స్త్రీల సమాజం వాళ్లదొక సెమీ క్రిస్మస్, యవ్వనస్థులదొకటి, సండే స్కూల్‌దొకటి, ఆపైన మండలంలో సంఘాలన్నీ కలిసి ఐక్య క్రిస్మస్. ఈ సగాలన్నీ కూడితే అసలు క్రిస్మస్ వచ్చేసరికే రెండు పండగలు అయిపోతాయి. ఐక్య క్రిస్మస్‌కి నాయకుడొస్తాడు. నాయకుడికి నువ్వు పనికిరావు, ఎర్ర వెల్వెట్ సోఫా కావాలి. కేకు కోసి, ఒక ముక్క మా పాస్టరు అయ్యగారి నోట్లో పెట్టి, ఫొటో అవగానే ఇంకో ఊరి సెమీ క్రిస్మస్‌కి వెళ్లిపోతాడు. సోఫా అద్దె 600. కూర్చున్నది 11 నిమిషాలు. ట్రెజరర్‌ని కాబట్టి నాకు ఇలాంటివే గుర్తుంటాయి.

దూరం నుంచి వచ్చే ప్రసంగీకుడు ఒకాయన ఉన్నాడు, కాస్త భారీ మనిషి. ఆయనొస్తే ఒకదానిలో ఒకటి దూర్చి నిన్ను రెండుగా వేస్తాం. ఆయన ప్రసంగం మాత్రం సగం కుర్చీకి సరిపోతుంది.

ఇక 25వ తారీఖున నువ్వు చాలవు. టెంట్ హౌస్ నుంచి ఇంకో 150 తెస్తాం, కుర్చీకి 8 రూపాయలు. ఆ రోజు నీ కోసం దెబ్బలాటలు. ఒక కుర్చీ మీద చేతిరుమాలు, ఒకదాని మీద బైబిలు, ఒకదాని మీద నిద్రపోతున్న పిల్లాడు, ‘ఇక్కడ మావాళ్లున్నారు’ అని. ఆ మావాళ్లు ఇంకా బస్సే ఎక్కి ఉండరు. 31 రాత్రి అయితే చెప్పనక్కర్లేదు. పన్నెండు కొట్టగానే లైట్లు ఆర్పి మళ్లీ వేస్తారు, చప్పట్లు, కేకలు, ఆపైన పళ్లెంలో వాగ్దాన కార్డులు, కొత్త ఏడాదికి మనిషికో బైబిలు వచనం. కళ్లు మూసుకుని ఒక్కటి తియ్యమంటే, నచ్చలేదని రెండోది తీసినవాణ్ణి నేనే పట్టుకున్నాను. మంచి రోజులొస్తాయని చెప్పే యిర్మీయా 29:11 వచ్చినవాళ్లు అక్కడే ఫొటో తీసి స్టేటస్ పెట్టేశారు. ఆ కార్డుల్లో అన్నీ ‘నీకిస్తాను, నిన్ను హెచ్చిస్తాను’ అనేవే ఉంటాయి. ‘నువ్వు కూర్చున్న కుర్చీ నువ్వే తీసి లోపల పెట్టు’ అన్న అర్థం వచ్చే వచనం ఇన్నేళ్లలో ఎవరికీ రాలేదు. ఒంటిగంటన్నరకి అందరూ కేకు తిని వెళ్లిపోయారు. మూడొందల పైచిలుకు కుర్చీలూ నేనూ ముగ్గురు కుర్రాళ్లూ మిగిలాం. మంచు కురిసి కుర్చీలన్నీ తడిసిపోయాయి. పేరుస్తుంటే ఒకదానిలో నుంచి ఇంకోటి జారి కాలి మీద పడింది. నా కొత్త సంవత్సరం అలా మొదలైంది.

తర్వాత జనవరి. ఒకటో తారీఖున ప్రభు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకి, నిండుగానే ఉన్నావు. 4వ తారీఖుకి సగం. 11న ఇళ్లలో అరిసెల పాకం పొయ్యి మీద ఉంది కాబట్టి ఆడవాళ్లు సగానికి సగం రాలేదు. 18న వేసినవి 173, నిండినవి 64. అయ్యగారికి కోపం వచ్చింది. ‘క్రిస్మస్‌కి కొత్తబట్టలు కట్టుకుని వచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?’ అని గంటసేపు గద్దించారు. రానివాళ్లని గద్దించాలంటే వాళ్లు అక్కడుండాలి కదా. వచ్చిన 64 మందీ తలలు వంచుకుని రానివాళ్ల తిట్లన్నీ తిన్నారు.

నాకు అడగాలనిపించి అడగలేకపోయాను, నీకు చెప్తాను. కనుమనాడు కాకైనా కదలదంటారు. మర్నాడు శనివారం మాత్రం మా పేట పేటంతా కదిలింది. క్రిస్మస్‌కీ సంక్రాంతికీ కలిపి ఒకే సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు, హైదరాబాదులో సెంట్రింగు పనులకీ, చెన్నైలో భవనాల పనులకీ తిరిగెళ్లిపోయారు. శ్రీకాకుళం రోడ్ స్టేషనంటే మా ఆమదాలవలసే కాబట్టి నేనూ మా బావమరిదిని రైలెక్కించడానికి వెళ్లాను. జనరల్ బోగీ ముందు నుంచున్నవాళ్లలో సగం మంది మా సంఘస్థులే. అక్కడ ప్రార్థన పెట్టుంటే ఆదివారం కంటే హాజరు ఎక్కువుండేది. మూటల మీద కూర్చున్నారు, చెప్పుల మీద కూర్చున్నారు, బాత్రూమ్ తలుపు పక్కన కూర్చున్నారు. ‘విశ్వాసంలో చల్లారిపోయారు’ అని అయ్యగారు అన్నది వీళ్లనే. నీ మీద ఎవరూ లేకపోతే మనిషి పడిపోయాడనే మా లెక్క. పనికెళ్లాడేమో అన్న గడి మా రిజిస్టరులో లేదు.

25వ తారీఖు ఆదివారం ఇంకో తమాషా. ఈ ఏడాది రథసప్తమి ఆదివారమే పడింది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి జనం పోటెత్తారు. టెంట్ హౌసుల్లో ఒక్క కుర్చీ దొరకడం లేదని, దారిలో పులిహోర పంచే మా ఊరి కుర్రాళ్లు ముందురోజే వచ్చి ‘బాబాయ్, ఓ నలభై కుర్చీలు ఇప్పించు’ అన్నారు. ఇచ్చాను. నలభై పోయినా ఆదివారం ఇంకా ఖాళీలు కనపడుతూనే ఉన్నాయి, అయ్యగారికి తేడా తెలియలేదు. సోమవారం పొద్దున్నే ట్రాక్టరులో తెచ్చి దింపారు. లెక్కపెడితే 41. ఒకటి ఎర్రది, ఎవరిదో కలిసిపోయింది.

ఒక్కసారి ఆలోచించు. నీ మీద రాసున్న ఆ రెండు మాటలు చదవగలిగిన మా సంఘస్థుల ఇళ్లకెళ్తే 27 తిరిగి రాలేదు. అరసవల్లి దారికెళ్తే ఒకటి ఎక్కువొచ్చింది.

ఆ ఎర్ర కుర్చీ మీద కుంకుమ మరక ఉంది. దాన్ని మందిరంలోకి తేవాలా వద్దా అని పెద్దలు వసారాలో నుంచుని నలభై నిమిషాలు చర్చించారు. ఒకాయన ముందు ప్రార్థన చెయ్యాలన్నాడు, ఒకాయన వెనక్కి పంపెయ్యమన్నాడు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు అమ్మ ‘ఏటి బాబూ ఇది’ అని తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచింది. దాంతో చర్చ ముగిసింది. యజమాని ఎవరో తెలిసేదాకా దాన్ని మూలన వేరుగా పెట్టాం. ఇద్దరు పిల్లలు దాని మీదే కూర్చుంటామని గొడవ పడుతున్నారు.

నీ పూర్వీకుల గురించి కూడా కాస్త చెప్పాలి. మా మందిరంలో నీకంటే ముందు చాపలుండేవి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళంలలో మకాం పెట్టారు. అక్కణ్ణుంచే మా పేటకి సువార్త వచ్చిందని తాత చెప్పేవాడు. ఇటుపక్క మగవాళ్లు, అటుపక్క ఆడవాళ్లు, అందరూ నేల మీదే. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు కింద కూర్చుని, తొడ మీద తాళం వేసుకుంటూ పాడడానికే పుట్టినట్టుంటాయి. నీ మీద కూర్చుని పాడితే ఆ తాళం ఎక్కడ వెయ్యాలో తెలియదు. నీ చెయ్యి మీద వేస్తే టపటపమంటుంది.

మా తాత మునసబు గారి అరుగు ముందు ఎంతసేపైనా నుంచునేవాడు. ఎండలో నుంచునేవాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కూర్చునేవాడు కాదు. మందిరంలో నేల మీద కూర్చుంటే మాత్రం పక్కనే అయ్యగారూ నేల మీదే కూర్చునేవారట, ఆ సంగతి చెప్పినప్పుడల్లా తాత గొంతు కొంచెం పెరిగేది. నువ్వొచ్చిన మొదటి ఆదివారం మా నాన్న వచ్చి, రెండు చేతులూ నీ చేతుల మీద ఆనించి, వెనక్కి వాలి, కాసేపు అటూఇటూ చూశాడు. పాట మొదలైనా ఆయన పాడలేదు. మూడేళ్లకి ఆయన పోయినప్పుడు ఊరంతా వచ్చింది, మునసబు గారి మనవడు కూడా. మా వాకిట్లో నీ మీదే కూర్చున్నాడు. నీ మీద నాకు కోపం ఎంతున్నా ఆ ఒక్క పూటకి నీకు బాకీ ఉన్నాను.

కోపం ఎందుకంటే, ఆ తెల్ల గౌన్లు. మొన్న క్రిస్మస్‌కి నీలో 20 మందికి తెల్ల కవర్లు కుట్టించి, వెనక ఎర్ర రిబ్బను ముడేసి, మొదటి వరసలో పెట్టారు. తప్పు నీది కాదు, తెలుసు. బిల్లు మీద సంతకం కూడా నాదే. పండగ అయ్యాక నక్షత్రం దింపారు, సీరియల్ లైట్లు చుట్టి అట్టపెట్టెలో పెట్టారు, పశువులపాక గడ్డిని ఆవుకే వేసేశారు. గౌన్లు మాత్రం విప్పలేదు. ఇప్పుడవి సంఘ పెద్దలకి, ఉద్యోగస్థులకి, పెద్ద చందాలిచ్చినవాళ్లకి. వాళ్లు రాకపోయినా వాటి మీద ఇంకెవరూ కూర్చోరు. నేల మీద కూర్చున్న రోజుల్లో ముందు వరస పిల్లలదే, అల్లరి చేస్తే చెవి మెలిపెట్టడానికి అందుబాటులో ఉంటారని.

ఫిబ్రవరి 1న వాక్యపఠనం ఇంటర్ చదివే అమ్మాయిది. యాకోబు పత్రిక రెండో అధ్యాయం వచ్చింది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మురికిబట్టల పేదవాణ్ణి అక్కడ నుంచోమనో, పాదపీఠం దగ్గర కూర్చోమనో అనే సంఘాన్ని యాకోబు గారు చీవాట్లు పెట్టే చోటది. ఆ పిల్ల ఆ తెల్ల వరసకి ఎదురుగా నుంచుని, ఏ దురుద్దేశమూ లేకుండా, గట్టిగా స్పష్టంగా చదివేసింది. మొదటి వరసలో ఒకాయన ఉంగరం వేలు మెల్లగా పంచె మడతలోకి లాక్కున్నాడు. అయ్యగారు మాత్రం ఆ రోజు దశమభాగం గురించి, అంటే సంపాదనలో పదోవంతు సంఘానికివ్వడం గురించి ప్రసంగించారు.

ఇక ముందు నీకు మళ్లీ పనే. ఫిబ్రవరి 18న భస్మ బుధవారం, ఈస్టరుకి ముందు ఉపవాస దినాలు మొదలయ్యే రోజు. మేం నుదుట బూడిద పెట్టుకోం గానీ నలభై రోజుల కూడికలు మాత్రం వదలం. సాయంత్రమైతే రోజుకో ఇంటికి నిన్ను మోసుకెళ్లాలి. ఏప్రిల్ 5న ఈస్టర్ వచ్చేసరికి 173లో ఎన్ని మిగులుతావో. ఈసారి కుర్చీలు తీసుకెళ్లేవాళ్ల సంతకానికి ఒక నోట్‌బుక్కు కొన్నాను. మొదటి పేజీలో నా పేరే రాసుకున్నాను, కుర్చీ ఒకటి, తెచ్చిన తేదీ గుర్తులేదు.

అసలు రాయాలనుకున్నది ఇది. మా సంఘంలో హాజరు వేసే పెద్దమనిషి, ఆరాధన చివర సుదీర్ఘ ప్రార్థన జరిగేటప్పుడు, అందరూ కళ్లు మూసుకుని ఉండగా వెనక నుంచుని తలలు లెక్కపెడతాడు. ఆ యాకోబు పత్రిక చదివిన రోజు నేనూ కళ్లు తెరిచాను, అది వేరే పాపం. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మా అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. మనిషి ఎటెళ్లిందా అని కంగారుపడి తొంగిచూశాను. ప్రార్థన అనగానే నీ మీద నుంచి దిగిపోయి, కింద బండల మీద మోకాళ్లూని, తల నీ సీటు మీద పెట్టుకుని ఉంది. డాక్టరు వద్దన్న పని. పక్కన ఇంకా ఇద్దరు ముసలమ్మలు అలాగే. ఆమెన్ అన్నాక ఇద్దరు కోడలిపిల్లలు చెరో రెక్కా పట్టుకుని లేపారు.

రిజిస్టరు చూశాను. ఫిబ్రవరి 1, హాజరు 58. ఆ ముగ్గురూ అందులో లేరు.

ఇట్లు,
ఈ ఆదివారం కూడా నిన్ను పేర్చవలసిన,
సంఘ ట్రెజరర్