స్లో స్పీడు

ఈ ఎండాకాలం మా కారుకి ఒక జబ్బు పట్టుకుంది. పరిగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది. సిగ్నల్ పడి బ్రేకు మీద కాలు వేశామా, ఒళ్లంతా ఒకసారి జలదరించి ప్రాణం వదిలేస్తుంది. ఏసీ వేసి ఉంటే ఆ జలదరింపు కూడా ఉండదు, నేరుగా కైలాసమే. ఒకరోజు విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్లో పచ్చలైటు పడేలోపు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాను. వెనకాల ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ, చివరికి దిగి వచ్చి, "పెట్రోల్ ఉందా అన్నా?" అని ఎంతో జాలిగా అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి సిగ్నల్ వచ్చిందంటే నాకు టెన్షనే. కుడికాలి వేళ్లు బ్రేకు మీద, మడమ అంచు యాక్సిలరేటర్ మీద. మా ఉమ్మడి కృష్ణా జిల్లాలో పుట్టిన కూచిపూడిలో పళ్లెం అంచుల మీద నిలబడి చేసే విద్యను నేను పెడల్స్ మీద చేశాను. కాకపోతే చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

మెకానిక్‌కి చూపించాను. బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, "స్లో స్పీడు నిలవట్లేదు సార్. ఐడిల్ వాల్వుకి కార్బన్ పట్టేసింది. విప్పి కడిగితే సరిపోవచ్చు" అన్నాడు. స్లో స్పీడంటే, యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తనంతట తాను తిరిగే వేగం. కడగడానికి 800 అట. నాకు అక్కడే మండింది. మా ఇంట్లో రోజూ రాత్రి గిన్నెలు కడిగేది నేనే. మాడిన పాలగిన్నెతో సహా. ఇన్నేళ్లలో ఒక్క రూపాయి చేతిలో పెట్టినవాళ్లు లేరు.

అసలు మా ఇల్లు పటమటలో. ఆటోనగర్ కూతవేటు దూరం. లారీని గోనెసంచుల్లో ముక్కలుగా పట్టుకెళ్లినా సాయంత్రానికి లారీగా నడిపించి పంపే చోటు అది. అలాంటి చోటుని పక్కన పెట్టుకుని ఎవడైనా ఇంట్లో ఇంజను విప్పుతాడా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే మాట నాలాంటివాళ్లని చూసే పుట్టి ఉంటుంది.

ఫోన్లో వీడియో చూశాను. ఏడు నిమిషాలు. అందులో చేసినాయన తెల్లచొక్కా వేసుకున్నాడు, చివరిదాకా అది తెల్లగానే ఉంది. అక్కడే అనుమానం రావలసింది, రాలేదు. విషయం మాత్రం బాగా అర్థమైంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు గాలి వెళ్లే పెద్ద తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను ఊపిరి తీసుకోవడానికి పక్కన ఒక సన్నదారి ఉంటుంది. ఆ దారిని ఎంత తెరవాలో, ఎంత మూయాలో చూసేదే ఈ వాల్వు. కారులోని కంప్యూటర్ చెబుతుంటే లోపల చిన్న మోటారు ముల్లుని ముందుకీ వెనక్కీ జరుపుతుంది. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది కాబట్టి ఇంకాస్త తెరుస్తుంది. ఇంజను కిందినుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, మసి కలిసి ఆ దారిలో పేరుకుంటే ముల్లు కదల్లేదు, ఇంజనుకి ఊపిరాడదు. మా కారు నిమిషానికి 800 చుట్లు తిరగాల్సింది 400కి పడిపోయి పడుకుంటోంది. తప్పు దానిది కాదు, జలుబు చేసింది పాపం.

ఆదివారం పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టాను. బ్యాటరీ నెగటివ్ ఊడదీశాను. గాలి గొట్టం తీశాను. వాల్వుని పట్టుకుని రెండే రెండు స్టార్ స్క్రూలు. మొదటిది మర్యాదగానే వచ్చింది. రెండోది పాతికేళ్ల నుంచి కాపురం చేస్తున్నట్టు కదల్లేదు. నేను తిప్పుతున్నాననుకున్నాను గానీ, తిరుగుతున్నది స్క్రూ కాదు, దాని తల మీది గాడి మాత్రమే. స్క్రూడ్రైవర్ పెట్టి వెనక నుంచి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కిర్రుమని వదిలింది, వదిలీ వదలగానే నా చేతిలోంచి జారి ఇంజను సందుల్లో టింగు, టింగు, టింగుమంటూ వెళ్లిపోయింది. నాలుగో టింగు వినబడలేదు. అంటే నేల మీద పడలేదన్నమాట. మావాడు ఫ్రిజ్ మీద ఉన్న శ్రీశైలం మాగ్నెట్ తెచ్చి, గాలిపటం దారం కట్టి లోపలికి వదిలాడు. ముప్పావుగంట చేపలు పట్టినట్టు పట్టాం. ఆఖరికి మల్లన్న స్క్రూని పట్టుకుని పైకొచ్చాడు.

వాల్వు చేతిలోకి వచ్చింది. ముల్లు అంటే సూదిలా ఉంటుందనుకున్నాను, బొంగరంలా ఉంది. దాని చుట్టూ అట్లపెనం అంచున పేరుకున్న మాడులాంటి నల్లటి పొర. ముల్లుని వేలితో లోపలికి నొక్కకూడదనీ, మోటారు వైపు స్ప్రే కొట్టకూడదనీ వీడియోలో చెప్పారు. అన్నీ పాటించాను. ఆ స్ప్రే తగిలితే రబ్బరు ఉబ్బిపోతుందని కూడా చదివాను కాబట్టి, వాల్వు మెడకున్న చిన్న నల్ల రబ్బరు రింగుని, మెకానిక్‌లు ఓరింగు అంటారే, దాన్ని అతి జాగ్రత్తగా తీసి, తుడిచి, అరుగు మీద తులసికోట పక్కన పెట్టాను. ఆరోజు మొత్తంలో నేను బుద్ధిగా చేసిన పని అదొక్కటే.

స్ప్రే కొట్టగానే నురగ పొంగి కాటుకలాంటి నీళ్లు కారాయి. ఆ తృప్తి చెబితే అర్థం కాదు. మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "బాగుందండీ, ఆ చేతులతో గుమ్మం ముట్టుకోకండి" అంది.

కాఫీ తాగి, అన్నీ బిగించి, తాళం తిప్పాను.

ఇంజను అరిచింది. మామూలు అరుపు కాదు. చుట్లు చూపించే మీటరులో ముల్లు 2,500 దాటింది, దిగట్లేదు. మావిడిచెట్టు మీది కాకులు లేచిపోయాయి. నాన్న పేపరు పట్టుకుని బయటికొచ్చి, "కాలు తియ్యరా!" అన్నారు. రెండు కాళ్లూ ఎత్తి చూపించాను.

"బ్యాటరీ తీశాం కదా నాన్నా, కంప్యూటర్ అన్నీ మర్చిపోయి ఉంటుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ నేర్చుకుంటుంది" అన్నాను.

"ఏం నేర్చుకుంటోందిరా, సంగీతమా?"

పది కాదు, అరగంట ఆగాను. అదే పాట. సాయంత్రం భయపడుతూనే బందరు రోడ్డు దాకా తీసుకెళ్లాను. మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కనక్కర్లేదు, బండి దానంతటదే లాక్కుపోతోంది. ఒకప్పుడు సిగ్నల్లో ఆగిపోతుందని భయం, ఇప్పుడు ఆగదని భయం.

రాత్రి భోజనాల దగ్గర నాన్న గ్లాసు కింద పెట్టేసి, "నీళ్లు కిరసనాయిలు వాసన వస్తున్నాయి" అన్నారు. అందరూ నా చేతుల వైపు చూశారు. నేను సబ్బుతో, సర్ఫుతో, చివరికి నిమ్మచెక్కతో రుద్దుకున్న చేతులవి. "ఆ కంపు చేతులతో డ్రమ్ము ముట్టుకునుంటాడు" అని నాన్నే తీర్పు చెప్పేశారు. అమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. "పోనీండి, పాపం ఇవాళ ఇంటికి పనికొచ్చే పని ఒకటి చేశాడు" అంది. కారు అలా అరుస్తుంటే పనికొచ్చే పనేమిటో నాకు బోధపడలేదు. తల్లి మనసు అనుకున్నాను.

సోమవారం మెకానిక్ దగ్గరికి వెళ్లాను. బండి వీధి మలుపులో ఉండగానే అతనికి వినబడింది. ఏమీ అడక్కుండా వాల్వు దగ్గర చెయ్యి పెట్టి, "గాలి పీలుస్తోంది సార్" అన్నాడు. వాల్వు మూసుకున్నా దాని పక్కనుంచి గాలి దూరిపోతోందట. ఎంత గాలి వస్తే అంత పెట్రోలు పోస్తుంది కంప్యూటర్, ఇక అరవక ఏం చేస్తుంది! విప్పి, వాల్వుని అటూ ఇటూ తిప్పి చూసి, "కడగడం బాగా కడిగారు సార్" అన్నాడు. ఒక్క క్షణం పొంగిపోయాను. "ఓరింగు ఏదీ?"

తులసికోట కళ్లముందు కదిలింది. ఫోన్ చేశాను. చేతులకి మళ్లీ గ్రీజు అంటింది కాబట్టి స్పీకర్లో పెట్టాను.

"అమ్మా, తులసికోట పక్కన నల్లది చిన్న రబ్బరు రింగు ఏమైనా కనబడిందా?"

"అదే కదరా, మంచినీళ్ల స్టీలు డ్రమ్ము కొళాయికి నువ్వు తెచ్చింది! ఆర్నెల్ల నుంచి కారుతోందని మొత్తుకుంటుంటే ఇన్నాళ్లకి గుర్తుపెట్టుకుని తెచ్చావని ఎంత మురిసిపోయాననుకున్నావు? నేనే వేసేశాను. చుక్క కారట్లేదు."

మెకానిక్ పానా కింద పెట్టి, టైరు మీద కూర్చున్నాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తున్న కుర్రాడు కూడా ఆపి చూస్తున్నాడు.

కొత్త ఓరింగు 20 రూపాయలు. స్క్రూల తలలు చూసి, "వీటిని ఎవరు నమిలారు సార్?" అని రెండు కొత్తవి వేశాడు. మళ్లీ విప్పి బిగించినందుకు 400. స్ప్రే డబ్బాతో కలిపి లెక్కేస్తే 800కి ఎంత దగ్గరగా వచ్చిందో మా ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. తాళం తిప్పితే బండి మెత్తగా, పిల్లి గురక పెట్టినట్టు 800 మీద నిలబడింది. ఏసీ వేసినా చలించలేదు.

ఇంటికొచ్చి డ్రమ్ము నీళ్లు పారబోసి, కారు ఓరింగు పీకేసి, కొట్లో కొన్న అసలు వాషరు వేశాను. కొట్టతను ఇదే సైజని ప్రమాణం చేసి మరీ ఇచ్చాడు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోంచి వినబడింది. టప్. కాసేపటికి మళ్లీ టప్. లేచి వెళ్లి చూస్తే అమ్మ అప్పటికే పాత గిన్నె కింద పెట్టేసింది. అక్కడే నిలబడి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి 22. ఇంకో నిమిషం చూశాను, అప్పుడూ 22. స్లో స్పీడు మాత్రం బ్రహ్మాండంగా నిలబడింది.