తలుపులు మూసి స్ప్రే కొట్టమన్న మహానుభావుడికి

"చెక్క విల్లుకు ఇంట్లోనే ఫ్యాక్టరీ ఫినిష్" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. "నువ్వు విల్లులు చేస్తావు కదా అన్నా, పనికొస్తుందని పంపా" అంటారు. పంపేవాళ్లంతా కావాల్సినవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

మెరిసే రకం స్ప్రే పూతే వాడాలట. మీ ఇష్టం, బాణానికి దాంతో పనిలేదు. దళసరిగా ఒక్కసారి కొడితే చాలట. కొట్టి చూడండి, కారిపోయి కింది కొసన చుక్కలు కడుతుంది. పలచగా మూడు నాలుగు సార్లు కొట్టి, మధ్యమధ్యలో సన్న ఎమెరీతో రుద్దాలి. వానాకాలమైనా పర్లేదట. లక్కర్ అనే స్ప్రే పూతలోని థిన్నర్ ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ దిగి పూత పాలలా తెల్లబడుతుంది. దాన్ని "యాంటిక్ లుక్" అనలేదు, సంతోషం.

"పగులున్నా స్ప్రేతో మూసుకుపోతుంది, విల్లు విరగదు" అన్నది ఇంకో ముత్యం. విల్లు లాగినప్పుడు లక్ష్యం వైపు ముఖం సాగుతుంది. అక్కడ పోగులు అడ్డంగా తెగి ఉంటే ఆ పలచటి పొర పట్టి ఆపుతుందా? పగులును దాచిపెడుతుంది, అంతే. తర్వాత అది మీ చెవి పక్కనే ఫెళ్లుమంటుంది.

ఇక అసలుది. "టూకే పీయూ (హార్డెనర్ కలిసే పాలియురేథేన్ పూత) స్ప్రే వాడండి. దుమ్ము పడకుండా తలుపులు, కిటికీలు మూయండి. కరోనా మాస్క్ చాలు, వాసన రాకపోతే భయం లేదు."

ఆ డబ్బా అడుగున ఒక మీట ఉంటుంది. అది నొక్కితే లోపల విడిగా ఉన్న హార్డెనర్ కలుస్తుంది. అందులో ఉండేవి ఐసోసయనేట్లు అనే రసాయనాలు. కరోనా మాస్క్ వాటి ఆవిరిని ఆపదు. హాని చేసే మోతాదు దాటాక గానీ వాటి వాసన తెలియదు, అంటే మీ ముక్కును నమ్ముకోవడం కూడా దండగే. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత ఏ కాస్త తగిలినా ఆయాసం ముంచుకొస్తుంది. కార్లకు ఇదే రకం కొట్టే పెయింటర్లకు గొట్టం ద్వారా మంచి గాలి అందే మాస్కు ఉండాలి. మనవాడేమో పిల్లలు పడుకునే గదిలో కిటికీ మూసి కొట్టమంటున్నాడు! పైగా థిన్నర్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. అమెరికాలో గ్యారేజీలో చేసే మనవాళ్లు ఆ పక్కనే ఉన్న గ్యాస్ వాటర్ హీటర్‌లోని మంటను ఒకసారి చూసుకోండి. ఇంతా చేసి దేనికి? రెండు దుమ్ము రేణువుల కోసం. అవి ఎమెరీతో ఒక్క రుద్దుకు పోతాయి నాయనా.

ఒక్క విషయంలో మాత్రం అతనితో ఏకీభవిస్తాను. "ఉత్త నూనె పూస్తే తేమకు ఆగదు" అన్నాడు. నిజమే. మా నూనె భక్తులు కోప్పడ్డా సరే, అవిసె నూనె కంటే పీయూ పొర తేమను చాలా బాగా అడ్డుకుంటుంది. నేనూ అదే కొడతాను, హార్డెనర్ కలపని రకం, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకుని, వరండాలో.