గ్యారీ డూయర్ గురించి ఒక మాట

డూయర్ కెనడాలోని మానిటోబా రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి) పదవి వదిలి వాషింగ్టన్‌లో కెనడా రాయబారి అయ్యారని, ఆయన గురించి నేను చదివిన వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నాకైతే అసలు విశేషం అక్కడే ఉంది. ఆయన వామపక్ష న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) నాయకుడు. 1999, 2003, 2007 ఎన్నికల్లో వరుసగా గెలిచారు. 2009లో ఆయన్ని ఎంచుకున్నదేమో కన్జర్వేటివ్ ప్రధాని స్టీఫెన్ హార్పర్! పార్టీ చూడకుండా మనిషిని చూసి పిలవడం ఎంత మంచి పని! ఒకప్పుడు ప్రభుత్వోద్యోగుల సంఘానికి అధ్యక్షుడు కదా, బేరం కుదర్చడం ఆయనకు కొత్తేమీ కాదు. ఆయన రాయబారిగా ఉండగా, కెనడా చమురును అమెరికాకు తీసుకెళ్లాల్సిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైప్‌లైన్‌కు 2015లో ఒబామా ఒప్పుకోలేదు, నిజమే. కానీ కెనడాలోని విండ్సర్, అమెరికాలోని డెట్రాయిట్ మధ్య కొత్త వంతెనకు 2013లో అమెరికా అనుమతి వచ్చింది ఆయన హయాంలోనే. దాని గురించి కూడా రాయాల్సింది. తర్వాత పవర్ కార్పొరేషన్ లాంటి పెద్ద కంపెనీల బోర్డుల్లో చేరడం మాత్రం, కార్మిక సంఘం నుంచి వచ్చిన మనిషి కాబట్టి, నాకు అంతగా నచ్చలేదు.