బోర్డు పోలేదు, ముందు రౌటర్‌ని పక్కకు జరపండి

మా నాయనకి పద్యాలంటే ప్రాణం. రాత్రి అన్నం తిని, ఎనిమిదిన్నరకి హాల్లో పడక కుర్చీ వేసుకుని, ఫోన్లో పాత నాటకాల పద్యాలు పెట్టి, వైరు లేకుండా బ్లూటూత్‌తో సౌండ్‌బార్‌లో (టీవీ దగ్గర పెట్టే పొడుగాటి స్పీకర్లో) వింటాడు. పోయిన సంక్రాంతికి నెల్లూరు వెళ్తే ఆ సౌండ్‌బార్ మీద గుడ్డ కప్పి ఉంది. ఏంది నాయనా అనడిగితే, "రాగం మింగేస్తుందిరా అబ్బయా, వినబుద్ధి కావడంలా" అన్నాడు. నాలుగు నెలలుగా వినడమే మానేశాడట. ఫోన్లో రోజూ మాట్లాడతాం, ఈ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పద్యం వినేవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. మాటలన్నీ అయిపోయాక చివరి పాదం మీద రాగం అందుకుంటారు. అది సాగి సాగి పైకి వెళ్తుంటే మనం కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. సరిగ్గా అక్కడ అర సెకను ఏమీ వినపడదు. మళ్లీ వస్తుంది, కానీ నడుమ గమకం పోయింది. వార్తల్లో అర సెకను పోతే పట్టించుకోం. రాగంలో పోతే ఇక ఆ పద్యం విన్నట్టే కాదు.

నాయన దాన్ని ఆటోలో పెట్టుకుని ఊళ్లో ఒక సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాడు. రెండు రోజులు ఉంచుకుని, "ఇక్కడ బాగానే పాడుతోంది పెద్దాయనా, ఇది అప్పుడప్పుడు వచ్చే ఫాల్టు. బ్లూటూత్ బోర్డు మార్చేద్దాం, 4,800 అవుద్ది" అని చీటీ రాసిచ్చారు. నా కోపమంతా ఈ చీటీ మీదే. మీ దగ్గర బాగా పాడి ఇంట్లో తెగుతోందంటే జబ్బు సెట్టుదా, ఇంటిదా? దాని పక్కన ఏముంది, ఏ టైములో తెగుతోంది అని ఒక్క మాట అడగొచ్చు కదా!

నేను చేసింది చాలా చిన్న పని. మొదటి రోజు సాయంత్రం బ్లూటూత్ లేకుండా, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా ఆక్స్ వైరు (ఆడియో వైరు) పెట్టి గంటసేపు పాడించాను. ఒక్కసారి కూడా తెగలేదు. అంటే స్పీకర్లు, ఆంప్లిఫయర్ రెండూ బాగున్నట్టే. రెండో రోజు అదే సెట్టుని మేడ మీద గదికి తీసుకెళ్లి బ్లూటూత్‌లోనే పాడించాను. అక్కడా తెగలేదు. అంటే బోర్డూ బాగుంది. ఇక మిగిలింది హాలు.

టీవీ యూనిట్ తలుపు తీసి చూస్తే విషయం అర్థమైంది. వైర్లు కనపడకూడదని వడ్రంగి చేత ముచ్చటగా చేయించుకున్న యూనిట్ అది. సౌండ్‌బార్ ఉన్న అరలోనే, పలక చాటున వైఫై రౌటర్. రెండింటికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆ గోడకి అవతల వంటింటి గట్టు మీద మైక్రోవేవ్. ఎనిమిదిన్నరంటే తమ్ముడు డ్యూటీ దిగి వచ్చే టైము. అమ్మ వాడికి అన్నం, పులుసు వేడి చేసేది అప్పుడే.

ఇందులో మంత్రమేమీ లేదు. బ్లూటూత్, మామూలు వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే నడుస్తాయి. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న సందు అది. మైక్రోవేవ్ పనిచేసేది కూడా 2450 దగ్గరే. దాని శక్తి ఎనిమిది వందల వాట్లు, వెయ్యి వాట్లు ఉంటుంది. ఫోన్ పంపే బ్లూటూత్ సిగ్నల్ కొన్ని మిల్లీవాట్లే. తలుపు సందులోంచి రవ్వంత బయటికొచ్చినా చాలు, ఈ సిగ్నల్ దాని ముందు నిలవదు. పెట్టె బాగున్నంత వరకు ఆ రవ్వంతతో మనుషులకి ప్రమాదం లేదు, భయపడకండి. పాటకే ఇబ్బంది.

బ్లూటూత్ కూడా తక్కువదేం కాదు. ఆ సందుని 79 చానళ్లుగా చేసుకుని, సెకనుకి 1600 సార్లు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకుతూ ఉంటుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి, రద్దీగా ఉన్న చానళ్లని గుర్తుపట్టి వాటిని తప్పించుకుని పోతుంది కూడా. అందుకే చాలా ఇళ్లలో ఏ గొడవా లేకుండా పాడుతుంది. కానీ చెవి పక్కనే లౌడ్‌స్పీకర్ పెడితే ఎదుటి మనిషి మాట వినపడుతుందా? జానెడు దూరంలో రౌటర్ ఉంటే సౌండ్‌బార్ పరిస్థితీ అంతే. ఎంత దూకినా లాభం లేదు.

రౌటర్‌ని యూనిట్లోంచి తీసి ఎదురు గోడకి, పైన బిగించాను. సెట్టింగుల్లో 2.4 బ్యాండు వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించాను. ఉన్న 83 మెగాహెర్ట్జ్‌లో 40 ఒక్క రౌటరే తీసుకుంటే మిగతావాటికి చోటెక్కడిది? చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలు ఎక్కువగా 6, 11 నంబరు వైఫై చానళ్లలో ఉన్నాయి కాబట్టి మాది 1కి మార్చాను. టీవీని, మా ఫోన్లని రౌటర్‌లోనే ఉన్న రెండో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపాను. టీవీ నుంచి సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ వైరు వేశాను. కదలని వస్తువుకి వైర్‌లెస్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండడుగుల వైరు కనపడితే ఇంటికి వచ్చిన నష్టమేంటి?

నాయన ఫోన్ని పంచె నడుములో దోపుకుని కూర్చుంటాడు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, ఈ తరంగాలని నీళ్లు పీల్చేస్తాయి. ఇప్పుడు ఫోన్ టీపాయ్ మీద ఉంటోంది. సౌండ్‌బార్‌తో వచ్చే వైర్‌లెస్ వూఫర్ (బరువు శబ్దాలిచ్చే విడి పెట్టె) ఒక్కటే ఆగి ఆగి మోగుతుంటే, అది ఇనప బీరువా చాటునో, ఫ్రిజ్ వెనకో ఉందేమో చూడండి.

మొత్తానికి ఖర్చయింది వైరుకీ, నాలుగు స్క్రూలకే. 4,800 లేవని కాదు. బోర్డు మార్చినా అదే అరలో పెడితే మళ్లీ తెగేది, అప్పుడు నాయన ఇక ఎవరినీ అడగకుండా దాన్ని అటకెక్కించేవాడు. పెద్దవాళ్లు ఇట్లాంటివి మనకి చెప్పరు. చెవి మందగించిందేమోనని తమనే అనుమానించుకుంటారు. మా నాయన కూడా అదే అనుకున్నాడని అమ్మ తర్వాత చెప్పింది. సర్వీస్ వాళ్లూ, స్క్రూడ్రైవర్ తీసే ముందు "ఇంట్లో ఎక్కడ పెట్టారు?" అని అడగండి. టీవీ యూనిట్లు చేసేవాళ్లూ, రౌటర్‌కి విడిగా, దూరంగా ఒక చోటు వదలండి.

మైక్రోవేవ్ ఇంకా ఆ గోడ పక్కనే ఉంది, వంటింట్లో దానికి వేరే ప్లగ్గు లేదు. రౌటర్ దూరం జరిగాక తెగడం బాగా తగ్గింది, కానీ మైక్రోవేవ్ తిరిగినప్పుడు ఒకటి రెండుసార్లు అవుతోంది. అందుకని అమ్మ ఇప్పుడు తమ్ముడి పులుసు పొయ్యి మీదే వేడి చేస్తోంది. ఉగాదికి వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్ని పిలిచి అవతలి గోడకి ఇంకో ప్లగ్గు పెట్టించాలి.