వలయాలు పెద్ద గ్రహాల సొత్తా?

తమ్ముడు: నేనైతే తేల్చేశానక్కా. వాయు గ్రహాలకు వలయాలుంటాయి, మరుగుజ్జు గ్రహాలకు ఉండవు. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్, నాలుగింటికీ ఉన్నాయి. 2015లో న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక ప్లూటో పక్కనుంచే వెళ్లింది, ఒక్క వలయమూ కనబడలేదు. ఇంకేం కావాలి?

అక్క: హౌమియా కావాలి.

తమ్ముడు: ఆ కోడిగుడ్డులా ఉండే మరుగుజ్జు గ్రహమా?

అక్క: అదే. నాలుగు గంటలైనా పట్టకుండా తన చుట్టూ తాను ఒకసారి తిరిగేస్తుంది, ఆ వేగానికే అలా సాగిపోయింది. 2017 జనవరి 21న అది ఒక నక్షత్రానికి అడ్డొచ్చింది. యూరప్‌లో చాలాచోట్ల టెలిస్కోపులు ఆ నక్షత్రం మీదే పెట్టి కూర్చున్నారు. హౌమియా చాటుకు వెళ్లగానే నక్షత్రం మాయమవ్వాలి, కాసేపటికి మళ్లీ కనబడాలి. కానీ మాయమవడానికి కాస్త ముందే వెలుగు ఒకసారి తగ్గి మళ్లీ పెరిగింది. బయటికొచ్చాక అవతలి పక్కనా అంతే! లెక్క కడితే హౌమియా కేంద్రం నుంచి సుమారు 2,290 కిలోమీటర్ల దూరంలో, 70 కిలోమీటర్ల వెడల్పున వలయం తేలింది.

తమ్ముడు: అంటే కళ్లతో ఎవరూ చూడలేదు. వెలుగు కాస్త తగ్గితే వలయం అనేస్తారా?

అక్క: చూడలేదు, ఒప్పుకుంటా. యురేనస్ వలయాలు 1977లో దొరికిందీ ఇలాగే కదా. 1986లో వాయేజర్ 2 నౌక వాటి దగ్గరికి వెళ్తే అవి అక్కడే ఉన్నాయి. అన్నట్టు, యురేనస్, నెప్ట్యూన్‌లను వాయు గ్రహాల్లో కలపకు. వాటిలో ఎక్కువ భాగం నీరు, అమోనియా, మీథేన్. మంచు దిగ్గజాలంటారు.

తమ్ముడు: లోపల వేల డిగ్రీల వేడి పెట్టుకుని మంచేమిటక్కా?

అక్క: ఆ పేరు సరిగ్గా కుదరలేదు, నిజమే.

తమ్ముడు: పోనీ శని సంగతి చెప్పు. దాని ప్రధాన వలయాలు ఈ చివర నుంచి ఆ చివరకి 2.7 లక్షల కిలోమీటర్లు. హౌమియాది దారప్పోగు. రెండూ ఒకటేనా?

అక్క: ఒకటి కావు. కానీ అసలు తేడా వలయంలో లేదురా, గ్రహంలో ఉంది. శని దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం. కాలు మోపడానికి నేలే లేదు, సగటు సాంద్రత నీటికన్నా తక్కువ. ప్లూటో అడ్డకొలత 2,377 కిలోమీటర్లే, అయినా రాయీ మంచూ కలిసిన గట్టి నేల ఉంది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోని మరుగుజ్జుల్లో వేసింది వలయం లేదని కాదు. సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, గుండ్రంగానూ ఉంది, కానీ తన దారిలో ఉన్నవాటిని ఊడ్చేయలేకపోయింది, అందుకని. వలయానికి కావలసింది ముక్కలు, వాటిని వదలకుండా పట్టుకునే గురుత్వం. చారిక్లో అనే చిన్న ఖగోళ వస్తువు ఉంది, అడ్డకొలత 250 కిలోమీటర్లు, మరుగుజ్జు గ్రహం కూడా కాదు. దానికి రెండు వలయాలు! చాలామంది మరుగుజ్జుగానే లెక్కేసే క్వావార్‌కైతే ఎంతో దూరంలో వలయం ఉందని 2023లో బయటపడింది. అంత దూరంలో ముక్కలు కలిసిపోయి చంద్రుడైపోవాలి.

తమ్ముడు: ఎందుకు కాలేదు?

అక్క: అంత చలిలో ముక్కలు ఢీకొన్నా అతుక్కోకుండా ఎగిరిపోతున్నాయేమో అంటున్నారు. ఇంకా తేలలేదు.

తమ్ముడు: సరే, మరుగుజ్జు గ్రహాలకు వలయాలు అరుదు అంటాను.

అక్క: అరుదని కూడా అప్పుడే అనకు. ఇలా నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు కాపు కాసి చూసినవి ఎన్నని?