ఐడ్లింగ్ స్క్రూ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐడ్లింగ్ స్క్రూ గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. "ఇక బండి మధ్యలో ఆగదు, పూచీ నాది" అని మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. ఆ పూచీ నల్లగొండ గడియారం సెంటర్ దాకా కూడా నిలవలేదు. వెనక ఆటోలు హారన్లు మోగిస్తుంటే ఎండలో కిక్కు కొడుతూ తమరినే తలచుకున్నాను. ఏ మాటలతో తలచుకున్నానో ఇక్కడ రాయలేను.

తమరికి అప్పగించిన పని చిన్నది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ లోపల, గాలి దారికి తలుపులాంటి స్లైడు పూర్తిగా మూసుకోకుండా కాస్త ఎత్తిపట్టడం, అంతే. గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కలవాలో తేల్చడం తమరి శాఖ కాదు. అది మూలన నక్కిన మిక్చర్ స్క్రూది, అడుగున ఉండి సన్నని రంధ్రంలోంచి పెట్రోలు వదిలే పైలట్ జెట్టుది. కానీ చేతికి సులువుగా అందేది తమరే కదా! బండి వణికితే చాలు, మెకానిక్, బంకు కుర్రాడు, మా బావమరిది, టీ కొట్టు దగ్గర ముక్కూమొహం తెలియని పెద్దమనిషి, అందరి చేతులూ తమరి మీదికే. "ఒక్క అర చుట్టు" అంటారు. బండి గట్టిగా అరుస్తుంది. అరుపు వినగానే రోగం కుదిరిందని అందరూ తృప్తిగా తలాడిస్తారు.

ఏం కుదిరింది? జెట్టులోని సన్నని రంధ్రంలో పెట్రోలు ఆవిరైపోయి మిగిల్చిన జిగురు అలాగే ఉంది. ఇంజన్‌కీ కార్బురేటర్‌కీ మధ్య ఉన్న రబ్బరు పగిలి, గాలి దొంగదారిన లోపలికి వస్తూనే ఉంది. తమరు చేసిందల్లా నిమిషానికి 1,400 చుట్ల దగ్గర నిదానంగా తిరగవలసిన ఇంజన్‌ను రెండు వేలు దాటించడం. మొదటి గేరు వేస్తే టక్కుమంటుంది. యాక్సిలరేటర్ వదిలినా వేగం దిగదు. పెట్రోలు సంగతి చెప్పనక్కరలేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా లింగం మీది నీడ కదలదు. ఇంత దగ్గర ఊళ్లో ఉంటూ, ఒక్క సిగ్నల్ పడి లేచేదాకా నిలకడగా ఉండడం నీకు చేతకాదా?

అవును, నువ్వే. మర్యాద అయిపోయింది.

పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు జెట్టు శుభ్రం చేయాలి. ఇంజన్ వేడెక్కాలి. మిక్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి (బలం చూపిస్తే మొన పాడవుతుంది, కొందరు వస్తాదులకు అది పట్టదు), చాలా బండ్లలో ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లు బయటికి తిప్పాలి. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా జరుపుతూ ఇంజన్ అన్నిటికంటే చురుగ్గా తిరిగే చోటు వెతకాలి. అది దొరికాకే నిన్ను పిలిచి వేగం దించమనాలి. చివర్లో! నువ్వేమో పిలవకముందే వచ్చి, అసలు జబ్బును అరుపుతో కప్పేసి, బాగుచేసిన పేరు కొట్టేస్తావు.

చల్లబడ్డ ఇంజన్‌ను లేపే చోక్ గారికి కూడా ఒక మాట: చలికాలం పొద్దున మాత్రమే మీరు అవసరం, మే నెలలో విశ్రాంతి తీసుకోండి. ఎయిర్ ఫిల్టర్ గారూ, దేవరకొండ రోడ్డు దుమ్మంతా మీరు దాచుకోనక్కరలేదు. ఇక పెట్రోలులో కలిసి వచ్చి గాలిలోని తేమను పీల్చుకునే ఇథనాల్ గారితో తర్వాత మాట్లాడతాను.

2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యానికి పరిమితి పెట్టే బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు నీ శాఖనే ఎత్తేశారు. పెట్రోలు కొలత ఇప్పుడు కంప్యూటర్‌ది. అయినా నా పాత బండిని అమ్మను. ఎందుకంటావా? ఆ కంప్యూటర్‌ను నేను తిట్టలేను. తిట్టినా దానికి తిప్పడానికి తల లేదు.

వచ్చే ఆదివారం కార్బురేటర్ విప్పుతున్నాను. ముందు జెట్టు, తర్వాత రబ్బరు, తర్వాత మిక్చర్ స్క్రూ. నీ వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో.

ఇట్లు,
ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్ తిప్పుతూ బండిని బతికించే నీ యజమాని