మార్జాలోల్బణం

ద్రవ్యోల్బణం గురించి పత్రికలు రోజూ రాస్తూనే ఉన్నాయి. రిజర్వు బ్యాంకు వారు రెండు నెలలకొకసారి కూర్చొని దాని మంచిచెడ్డలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు నాలుగు వీధుల ఇవతల, మా ఇంటి వసారాలో మూడేళ్లుగా అడ్డూ అదుపూ లేకుండా సాగుతున్న మార్జాలోల్బణం గురించి మాత్రం ఇంతవరకు ఒక్క కమిటీ అయినా కూర్చున్న పాపాన పోలేదు. అందుచేత ఆ భారాన్ని ఈ వ్యాసకర్త స్వయంగా ఎత్తుకోవలసి వచ్చింది. భారం అన్న మాట ఇక్కడ అలంకారం కాదు.

ఒక వానాకాలపు సాయంత్రం మా మెట్ల కింద దొరికిన నాడు ఆ పిల్లికూన కాఫీ గ్లాసులో పట్టేది. పిసరంత ఉన్నదని మా అమ్మాయి దానికి పిసరు అని పేరు పెట్టింది. మొన్న దానిని ఎత్తుకొని తూనిక యంత్రం మీద నిలబడి, ఆపైన దానిని దించి ఒక్కణ్ణే నిలబడి, మొదటి అంకెలోంచి రెండో అంకెను తీసివేయగా 7.2 కిలోలు తేలింది. ఆ రెండో అంకె ఎంతో చెప్పవలసిన అగత్యం ఈ వ్యాసానికి లేదు.

ఈ అంకెను కుటుంబ సభలో ప్రవేశపెట్టగా, సభ్యులు తలా ఒక సంజాయిషీ ఇచ్చారు. అదంతా బొచ్చని మా అమ్మాయి అన్నది. ఎముక బరువని మా ఆవిడ అన్నది. "నోరు లేని జీవంరా అది, దాని కంచంలో ఉన్నది నీ కళ్లల్లో పడిందా?" అని మా అమ్మ అన్నది. నోరు లేని జీవమన్న మాటను తెల్లవారుజామున నాలుగున్నరకు మా ఇంట్లో పడుకొని చూసినవారెవరూ ఒప్పుకోరు గాని, పెద్దవారి మాటకు ఎదురు చెప్పే ఆచారం మాకు లేదు కనుక నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్లాము.

ఆయన పిసరు పక్కటెముకల కోసం వేళ్లతో కొంతసేపు వెతికి, నా చేతిని తీసుకొని బల్ల మీద బోర్లా పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి పక్కటెముకలు చేతి వెనుక భాగాన్ని తడిమినప్పుడు తగిలే ఎముకల మాదిరిగా తెలియాలట; పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొని వస్తే అది బక్కచిక్కినట్టు, అరచేతిలా మెత్తగా ఉంటే ఒళ్లు చేసినట్టు. పిసరు విషయంలో అరచేయి సైతం కాదు, దిండు. శరీర స్థితిని 1 నుంచి 9 వరకు లెక్కగట్టే కొలమానం ఒకటున్నది. అందులో 5 ఉత్తమం, దాని పైన ఒక్కొక్క మెట్టూ దాదాపు 10 శాతం అదనపు బరువుకు గుర్తు. పిసరుకు 8 వచ్చాయి. మా ఇంట్లో ఎవరికీ ఏ పరీక్షలోనూ 9కి 8 రాలేదు కనుక అమ్మ ముఖం క్షణకాలం వెలిగింది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తరువాత పిల్లికి కావలసిన శక్తి సుమారు నాలుగో వంతు తగ్గుతుందనీ, ఆకలి మాత్రం పెరుగుతుందనీ, మీరు ఆకలినే చూశారనీ ఆయన వివరించారు. లక్ష్యం ఐదున్నర కిలోలు. అందుకు రోజుకు 200 కిలోకేలరీలు. వారానికి ఒంటి బరువులో 1 శాతం చొప్పున దిగినా ఆరు నెలల పైచిలుకు పడుతుంది. ఇంతకంటె తొందరపడితే ప్రమాదమన్నారు.

తొందరపడటంలో మా అమ్మకు సాటి లేదు. వచ్చే ఏకాదశి నుంచే పిసరు చేత ఉపవాసం చేయిద్దామన్నది. పిల్లుల ఉపవాస చరిత్ర మనవారికి కొత్తది కాదన్న మాట నిజమే. మామల్లపురం బండ మీద పల్లవ శిల్పులు ఎలుకల ఎదుట రెండు చేతులూ ఎత్తి తపస్సు చేస్తున్న పిల్లిని చెక్కి పదమూడు శతాబ్దాలు దాటింది. ఖాళీ గిన్నె ఎదుట మా పిసరు నిలబడే భంగిమకూ దానికీ తేడా కనిపెట్టడం కష్టం. దీర్ఘకర్ణుడనే పిల్లి తాను మాంసం మానేసి చాంద్రాయణ వ్రతం పట్టానని చెప్పి ముసలి గద్దను నమ్మించిన కథ మనలో చాలామంది బళ్లోనే చదువుకున్నారు. చాంద్రాయణమంటే చంద్రకళలను అనుసరించి రోజుకొక ముద్ద తగ్గించుకుంటూ పోయి, అమావాస్య నాడు పూర్తిగా మానేసి, మళ్లీ ఒక్కొక్క ముద్దే పెంచుకుంటూ రావడం. కొలత ప్రకారం పిల్లికి తిండి పెట్టే పద్ధతిని మన కథకులు ఎన్నడో ఊహించారని గర్వించేలోపల వైద్యుడు అడ్డు తగిలారు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయంలోకి చేరి దానిని స్తంభింపజేస్తుందట. ప్రాణం మీదికే వస్తుందట. అంటే అమావాస్య గండం దాటించే పూచీ ఆ వ్రతానికి లేదు. దీర్ఘకర్ణుడు ఎందుకు బతికి బట్టకట్టాడో ఇప్పుడు అర్థమైంది: అతడు వ్రతం చేయలేదు, గద్ద కాపలా కాస్తున్న పక్షిపిల్లలను తిన్నాడు.

తెనాలి రామకృష్ణుడి పేరు మా ఆవిడ ఎత్తింది. రాయలవారు పిల్లి నిచ్చి, దాని పోషణకు ఆవును కూడా ఇస్తే, ఆయన మొదటి రోజే సలసల కాగే పాలు గిన్నెలో పోశాడు. నోరు కాలిన పిల్లి మళ్లీ పాల వంక చూస్తే ఒట్టు. రాజసభలో అందరి పిల్లులూ బలిసి ఉండగా ఆయన పిల్లి ఒక్కటే సన్నగా ఉన్నదన్న సంగతిని మనవారు హాస్యం కింద తీసుకున్నారు. జీవహింస పక్కన పెడితే, పాలు మాన్పించాలన్న నిర్ణయం వరకు వికటకవి తప్పు చేయలేదు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పైగా 100 మిల్లీలీటర్ల గేదె పాలలో ఇంచుమించు 100 కిలోకేలరీలు ఉంటాయి. ఉదయం అమ్మ పోసే ఆ చిన్న గిన్నెడు పాలతోనే పిసరు సగం రోజు భోంచేసేది. మరో నాలుగు రోజుల భోజనం మేము ఆ తరువాత పెట్టేవాళ్లం.

పాలు మాన్పిస్తే పరమాన్నమైనా పెట్టవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం లేదని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పండగ పూట మా ఆవిడ పరమాన్నాన్ని పిసరు గిన్నె అడుగు కనబడేదాకా నాకినది బెల్లం పాకానికి ముగ్ధురాలై కాదు, అందులోని నెయ్యి కోసమూ పాల కోసమూ. ఈ వార్త విన్న తరువాత ఆవిడ పిసరుతో రెండు రోజులు మాట్లాడలేదు. నాతో నాలుగు రోజులు.

కార్తీక మాసం వస్తున్నది కదా, శాకాహారమే పెడదామని పక్కింటి పిన్నిగారు సలహా ఇచ్చారు. క్యారెట్టు కంటికి మంచిదన్నారు. క్యారెట్టులోని పదార్థాన్ని ఎ విటమిన్‌గా మార్చుకొనే శక్తి మనకున్నది, పిల్లికి లేదు; అది తయారైన విటమిన్‌ను మాంసం నుంచి తీసుకోవలసిందే. టారిన్ అనే మరో పదార్థం సంగతీ అంతే. అది చాలక పిల్లుల గుండె కండరాలు సాగిపోయి చచ్చిపోతున్నాయని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు బయటపెట్టిన దాకా డబ్బా తిండి తయారు చేసేవారికే తెలియలేదు. కనుక పిల్లి మాంసాహారం దాని వ్యసనం కాదు, నిర్మాణం. అలాగని పులస పులుసు పెట్టవచ్చునని కాదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట మనుషుల కోసం పుట్టింది. పులుసులోని ఉల్లిపాయ పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. వరద నీటికి పులస ఎదురెక్కే రోజుల్లో మా వీధిలో ఈ శాస్త్రం చెప్పినవాడు బతికి బయటపడితే అదే పదివేలు.

ఇక మిగిలింది అంగడి తిండి. పిల్లుల ఆరోగ్యకరమైన ఆహారం కొనడానికి దుకాణంలో నిలబడిన మనిషికి, ఆహారం పిల్లి కోసం కాక కొనేవారి కోసం తయారవుతున్నదని గ్రహించడానికి ఎంతోసేపు పట్టదు. సంచుల మీద పాలకూర, క్యారెట్టు, ఎర్రెర్రని పళ్లు బొమ్మలు గీసి ఉన్నాయి. ఎలుక బొమ్మ ఒక్క సంచి మీద కూడా లేదు. ధాన్యం లేనిది అని పెద్ద అక్షరాలతో వేసిన సంచిని తిరగేసి చదివితే బియ్యం స్థానంలో బంగాళాదుంప, బఠానీలు కొలువు తీరి ఉన్నాయి. పిండిపదార్థం కుర్చీ మారింది గాని ప్రభుత్వం మారలేదు.

అన్నిటికంటె గొప్ప మాయ శాతాలలో ఉన్నది. పొడి గింజల సంచి మీద మాంసకృత్తులు 32 శాతమని ఉన్నది. తడి తిండి పౌచ్ మీద 10 శాతమే. మా అమ్మాయి వెంటనే సంచికి ఓటు వేసింది. కాని పౌచ్‌లో 80 శాతం నీళ్లే. నీళ్లు వంచేసి చూస్తే మిగిలిన 20లో 10, అంటే సగానికి సగం మాంసకృత్తులే. సంచిలో తేమ 10 శాతం మాత్రమే కనుక అక్కడ లెక్క 90లో 32, మూడో వంతుకు కాస్త పైన. గట్టి పెరుగునూ పలచని మజ్జిగనూ పక్కపక్కన పెట్టి మజ్జిగలో పస లేదనడం ఎంత న్యాయమో ఆ రెండు అంకెలనూ నేరుగా పోల్చడం అంతే న్యాయం. పైగా ఎడారి పిల్లుల వంశం కావడం వల్ల దీనికి దాహం తక్కువ. తిండితో పాటు నీళ్లు లోపలికి పోతే మంచిదే, కడుపు నిండినట్టూ ఉంటుంది. వెనుక అచ్చేసిన పట్టికలో ఇప్పటి బరువును చూసుకొని గింజలు పోస్తే ఇప్పటి బరువే నిలుస్తుంది. కావలసిన బరువు ఎదుట ఉన్న అంకెను చూడాలి. తుదకు సగం పౌచ్‌లు, సగం బరువు తగ్గించే గింజలు అని తీర్మానించి, పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజుల్లో మార్చాము. మొదట్లో అన్నీ గింజలే అయితే ఎంతని లెక్క వేసుకున్నాము: రోజుకు 60 గ్రాములు.

ఈ 60 గ్రాముల దగ్గరే మా ఇంటి నాగరికత తడబడింది.

మా వంటింట్లో తూకం ఎరిగినవారు లేరు. ఉప్పు చిటికెడు, పప్పు గుప్పెడు, బియ్యం చారెడు. గుప్పెడు గింజలు వేస్తే సరిపోతుందని అమ్మ తేల్చేయగా, ఆ గుప్పెడును కేకుల కోసం మా అమ్మాయి కొన్న చిన్న తూకం మీద పెట్టి చూశాము. అమ్మ గుప్పెడు 34 గ్రాములు. మా ఆవిడది 26. అమ్మాయిది 22. నాది 41. ఒక్కొక్కరం రోజుకు రెండేసి గుప్పెళ్లు, ఇంకొకరికి చెప్పకుండా, తానొక్కరే పెడుతున్నానన్న నమ్మకంతో పెడుతూ వచ్చామని ఆనాటి విచారణలో వెల్లడైంది. పాపం, ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదని నలుగురమూ విడివిడిగా దాని మీద జాలిపడ్డాము. ఆ జాలి మొత్తం 246 గ్రాములు.

ఆటలాడించి కరిగించమని వైద్యుడు చెప్పిన మాట కూడా పాటించాము. శ్రీవైష్ణవులు భక్తికి రెండు న్యాయాలు చెబుతారు: కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకొని వేలాడుతుంది, పిల్లికూనను తల్లే నోట కరచుకొని మోస్తుంది. మొదటిది మర్కట కిశోర న్యాయం, రెండవది మార్జాల కిశోర న్యాయం. పిసరు తన సంప్రదాయాన్ని అణుమాత్రం తప్పలేదు. మేము బంతి విసిరాము. అది బంతి వెళ్లిన దిక్కు చూసి, తరువాత మా వైపు చూసింది. మేమే వెళ్లి తెచ్చుకున్నాము. ఆ నెలలో నేను ఒకటిన్నర కిలో తగ్గాను.

ఉదయాన్నే తూచిన గింజలను ఒక స్టీలు డబ్బాలో పోసి, ఆ రోజుకు ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలనీ, డబ్బా ఖాళీ అయితే మార్జాల ఖజానా ఖాళీ అయినట్టేననీ చట్టం చేశాము. అమ్మ సైతం ఒప్పుకున్నది. నెల తిరిగాక తూచితే పిసరు 7.3 కిలోలు.

డబ్బాలో అవకతవకలు లేవు. పాలు లేవు, పరమాన్నం లేదు, అమ్మ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. అమ్మ కూడా నా మీద ప్రమాణం చేసింది. ఇక మిగిలిన అనుమానం వీధి మీదికి పోయింది, ఎందుకంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పిసరు ఎక్కడుంటుందో మాలో ఒక్కరికీ తెలియదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు తరతరాలుగా తేల్చుకోలేకపోయిన సమస్యను మేము ఒక్క పూటలో పరిష్కరించాము. గంటకు బదులు మెత్తటి కాగితపు పట్టీ కట్టి, దాని మీద మా అమ్మాయి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "నేను పథ్యంలో ఉన్నాను. డాక్టరు గారి ఆజ్ఞ. దయచేసి నాకు తిండి పెట్టవద్దు."

సాయంత్రం నాలుగుంపావుకు పిసరు మూతి తుడుచుకుంటూ గోడ దిగింది. పట్టీ విప్పి తిప్పి చూస్తే వెనుక మూడు చేతిరాతలున్నాయి.

మొదటిది నీలం సిరాలో, చాలా మర్యాదగా: "అయ్యో, మేము తిండి పెట్టడం లేదండీ. మీగడ మాత్రమే."

దాని కింద వేరే కలంతో: "మా ఇంట్లోనూ అంతేనండీ. రెండు ఎండు నెత్తళ్లు, అంతకు మించి ఏనాడూ లేదు."

అన్నిటికంటె కింద, ఊదారంగు పెన్సిలుతో, ఒత్తులు లేకుండా: "దీని పేరు బంగారం. ఇది మా పిలి."